మాఝేర్‌హాట్ నుంచి ఫల్తా దాకా: ఒక రైలుబాట సింహావలోకనం

కోల్‌కతా దక్షిణపు కొసన బెహాలా దాటి వెళ్ళడానికి పక్కపక్కనే రెండు దారులున్నాయి. ఒకటి డైమండ్ హార్బర్ రోడ్డు: బస్సులు, లారీలు, ఆటోలు, నెత్తిమీద మెట్రో వంతెన, దాని నీడలో బజార్లు. రెండోది జేమ్స్ లాంగ్ సరణి. సైకిలు మీద వెళ్ళేవాడికి ఈ రెంటి తేడా కాళ్ళకే తెలిసిపోతుంది. పాత ఊళ్ళ రోడ్లు చెరువు అడ్డొస్తే పక్కకు తప్పుకుంటాయి, జమీందారు తోటగోడ కనిపిస్తే వంగిపోతాయి. జేమ్స్ లాంగ్ సరణికి ఆ మొహమాటం లేదు. మలుపు తిరగాల్సి వచ్చినా తొందర లేకుండా, పెద్ద వంపు తీసుకుని తిరుగుతుంది. దీన్ని మొదట వేసింది ఆవిరి ఇంజను కోసం మరి. 1917లో మొదలై 1957లో మూతపడ్డ కాళీఘాట్–ఫల్తా రైల్వే కట్ట మీదే ఇవాళ్టి ఈ రోడ్డు పరుచుకుని ఉంది.

రైలు ఆగిపోయిన దారుల్ని సైకిలు బాటలుగా మార్చుకుని, సెలవులకు సముద్రతీరాలకు పోయి వాటిమీద తిరగడం ఇప్పుడు ఇంగ్లండు, స్పెయిన్, అమెరికాల్లో పెద్ద ముచ్చట. అది అరవైల్లో అక్కడ పుట్టిన ఆలోచనగానే అందరూ చెప్పుకుంటారు. మూసేసిన రైలుకట్టను జనం నడిచే దారిగా మార్చే పని కలకత్తాకు అంతకంటే ముందే ఎదురైంది. దాన్ని ఎవరికి అప్పగించాలన్న చోటే నగరం వేరే జవాబు చెప్పింది. ఆ జవాబు వెల ఎంతో లెక్క చూడటానికి ఒకసారి వెనక్కి తిరగాలి.

సముద్రం వైపు పరుగు

కలకత్తా సముద్రపు ఒడ్డున లేదు. ఓడలు హుగ్లీ నదిలో ఎదురెక్కి రావాలి. ఇసుక మేటల భయం ఎప్పుడూ ఉండేది. అందుకే రైలు వచ్చిన తొలినాళ్ళ నుంచీ నగరం దక్షిణంగా, సముద్రం దిశగా పట్టాలు వేస్తూనే వచ్చింది. హౌరా నుంచి హుగ్లీకి తొలి రైలు నడిచింది 1854 ఆగస్టులో. తొమ్మిదేళ్ళు తిరక్కుండానే, 1862–63లో, మాతలా నది మీద కొత్త రేవు కడదామని పోర్ట్ కానింగ్‌కు లైను వేశారు. 1867 తుఫాను ఆ రేవు ఆశల్ని ఊడ్చేసింది. రేవు పోయినా రైలు మిగిలింది. ఇవాళ సుందర్బన్ నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చే ఆడవాళ్ళు తెల్లవారుజామున ఎక్కే కానింగ్ లోకల్ నడిచేది ఆ దారినే. 1883లో డైమండ్ హార్బర్‌కు మరో లైను పడింది.

పెద్ద రైళ్ళు పట్టించుకోని పల్లెలకు చిన్న రైళ్ళు వచ్చాయి. సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ భాగస్వామిగా ఉన్న మార్టిన్ కంపెనీ 1897లో హౌరా–ఆమ్తా, హౌరా–శియాఖాలా లైన్లు తెరిచింది. వాటి గేజి రెండే అడుగులు. 1905లో బారాసాత్–బసీర్‌హాట్ లైను. వీటికి పోటీగా మెక్‌లియాడ్ కంపెనీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో రెండున్నర అడుగుల గేజితో నాలుగు లైన్లు వేసింది: బర్ద్వాన్–కాట్వా, బాంకురా–దామోదర్, అహ్మద్‌పూర్–కాట్వా, కాళీఘాట్–ఫల్తా. ధాన్యం, కూరగాయలు, చేపలు, కోర్టు పనుల మీద వచ్చే రైతులు, కాళీఘాట్ గుడికి వచ్చే భక్తులు, ఇవీ చిన్న రైలుకు బతుకుదెరువు. లోకువగా చూసినా జనానికి అది మన రైలు.

నాలుగింటిలో మూడు ఈనాటికీ బతికే ఉన్నాయి. గేజి మార్చి, బ్రాడ్‌గేజి చేసి, ఇండియన్ రైల్వే వాటిని తనలో కలుపుకుంది. అహ్మద్‌పూర్–కాట్వా వంతు అందరికంటే ఆలస్యంగా 2018లో వచ్చింది. కాళీఘాట్–ఫల్తా ఒక్కటే పట్టా మిగలకుండా పోయింది.

ఫల్తా అనే కొస

మాఝేర్‌హాట్ దగ్గర బయల్దేరిన ఆ చిన్న రైలు దాదాపు 27 మైళ్ళు, అంటే 43 కిలోమీటర్లు నడిచి, హుగ్లీ ఒడ్డున ఫల్తాలో ఆగేది. ఆవలి గట్టున దామోదర్ వచ్చి కలిసే చోటు అది. నది అక్కడ ఎంత వెడల్పంటే ఆవలి ఒడ్డు చెట్లు పచ్చటి గీతలా కనిపిస్తాయి. గాలిలో ఉప్పు లేకపోయినా ఆటుపోట్లున్నాయి. పోటు దిగినప్పుడు బురద మీద పడవలు పక్కకు ఒరిగి పడుకుంటాయి. కలకత్తా మనిషికి ఒకరోజు సెలవులో అందే సముద్రం అంతే.

ఫల్తాకు రైలు కంటే ముందే చరిత్ర ఉంది. 1756 జూన్‌లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నప్పుడు గవర్నరు డ్రేక్ సహా పారిపోయిన ఇంగ్లీషువాళ్ళు ఓడల్లో ఇక్కడికే చేరారు. జ్వరాలతో, దోమలతో ఆరునెలలు గడిపారు. డిసెంబరులో మద్రాసు నుంచి క్లైవు, వాట్సన్ సైన్యంతో వచ్చి కలిసింది ఇక్కడే. 1757 జనవరి మొదట్లో కలకత్తా మళ్ళీ వాళ్ళ చేతికి వచ్చింది, జూన్‌లో ప్లాసీ యుద్ధం జరిగింది. వారన్ హేస్టింగ్స్‌కు తన మొదటి భార్య పరిచయమైంది కూడా ఈ శరణార్థుల గుంపులోనే అంటారు. మద్రాసు దండులో మన దక్షిణాది సిపాయిలు కూడా ఉన్నారు కాబట్టి, ఆ బురద గట్టు మీద మనవాళ్ళ అడుగులూ పడే ఉంటాయి.

తర్వాతి కాలంలో ఆచార్య జగదీశ్ చంద్ర బోసుకు ఇక్కడ నదీతీరంలో తోట ఇల్లు ఉండేది. బోస్ ఇన్‌స్టిట్యూట్‌కు ఫల్తాలో ఇప్పటికీ ప్రయోగక్షేత్రం ఉంది. 1984లో ఎగుమతుల మండలం వచ్చాక ఊరి రూపురేఖలు మారాయి. లారీలు పెరిగాయి. నది మాత్రం అలాగే ఉంది.

రైలు పోయింది, రోడ్డు వచ్చింది

చిన్న రైళ్ళను చంపింది బస్సు. యుద్ధం తర్వాత మిలటరీ వదిలిన లారీలు, పల్లె రోడ్ల మీద పుట్టుకొచ్చిన ప్రైవేటు బస్సులు ఇంటి ముందే ఎక్కించుకునేవి. చిన్న రైలు మెల్లగా వచ్చేది, స్టేషనులోనే ఆగేది. టికెట్టు లేని ప్రయాణాలు, బొగ్గు ధర, పాతబడ్డ ఇంజన్లు తోడయ్యాయి. 1955లో బారాసాత్–బసీర్‌హాట్ మూతపడింది, 1957లో కాళీఘాట్–ఫల్తా, 1971 జనవరి 1న హౌరా–ఆమ్తా, శియాఖాలా లైన్లు. ఆమ్తా జనం బ్రాడ్‌గేజి రైలు కోసం 2004 దాకా కాచుకుని ఉన్నారు.

బెహాలాలో మాత్రం రైలు కోసం ఎదురుచూసే ఓపిక లేకపోయింది. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలతో అక్కడ వరిచేలు కాలనీలయ్యాయి. డైమండ్ హార్బర్ రోడ్డు ఆ జనానికి చాలలేదు. పక్కనే, ఎక్కడా తెగకుండా, గుళ్ళూ ఇళ్ళూ అడ్డులేకుండా పోయిన ఒక పొడుగాటి నేలపట్టీ ఖాళీగా ఉంది. కట్ట తయారు, ఎత్తు తయారు, కల్వర్టులు తయారు. దానిమీద తారు పోస్తే రోడ్డు. నగరం లోపల జోకా దాకా అదే జరిగింది. ఆ దారికి రెవరెండ్ జేమ్స్ లాంగ్ పేరు పెట్టారు.

ఆ పేరు వెనుక పెద్ద కథే ఉంది. ఐర్లండులో పుట్టిన ఈ క్రైస్తవ మతబోధకుడు 1840లో కలకత్తా వచ్చి, ఠాకుర్‌పుకుర్‌లో బడి నడిపాడు. దీనబంధు మిత్ర నీలిమందు రైతుల గోడు మీద రాసిన నాటకాన్ని ఇంగ్లీషులో అచ్చు వేయించినందుకు 1861లో సుప్రీంకోర్టు ఆయనకు నెలరోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. జరిమానా అక్కడికక్కడే కట్టేసినవాడు కాళీప్రసన్న సింహ. మహాభారతాన్ని బెంగాలీ వచనంలోకి తెచ్చినవాడూ ఆయనే. తెల్లదొరల పేర్లు రోడ్ల మీద నుంచి తుడిచేసిన నగరం ఒక తెల్లవాడి పేరును కొత్తగా ఒక రోడ్డుకు పెట్టిందంటే ఆయన మీద వాళ్ళకున్న మర్యాద అర్థమవుతుంది.

రెండు చక్రాల నగరం

కలకత్తాకు సైకిలు కొత్త కాదు. కుంతలీన్ నూనె అమ్మిన హేమేంద్ర మోహన్ బోసు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సైకిళ్ళ దుకాణం పెట్టి, పెద్దపెద్దవాళ్ళకు తొక్కడం నేర్పాడు. నేర్చుకున్నవాళ్ళలో ప్రఫుల్ల చంద్ర రాయ్ ఒకరు, ఫల్తా తోట ఇంటి జగదీశ్ చంద్ర బోసు ఇంకొకరు. 1926 డిసెంబరులో బిమల్ ముఖర్జీ ముగ్గురు స్నేహితులతో కలకత్తా టౌన్‌హాలు దగ్గర సైకిలెక్కి ప్రపంచయాత్రకు బయల్దేరాడు. తిరిగొచ్చింది 1937లో. స్వతంత్రం వచ్చాక ఆసన్‌సోల్‌లో సేన్–ర్యాలీ కర్మాగారం వెలిసి, దేశమంతటా ఇళ్ళ ముందు ఆ సైకిళ్ళు నిలబడ్డాయి. మన ఊళ్ళలో పోస్టుమాన్లు, మేష్టర్లు తొక్కిన ర్యాలీల్లో చాలావాటికి ఆసన్‌సోలే పుట్టిల్లు.

అలాంటి నగరమే 2008 నుంచి సైకిలును రోడ్ల మీద నుంచి తరమడం మొదలుపెట్టింది. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు. ట్రాఫిక్ నెమ్మదిస్తోందన్నది వాళ్ళు చెప్పిన కారణం. పాలవాళ్ళు, పేపరువాళ్ళు, తాపీపనివాళ్ళు, చేపలవాళ్ళు వీధికెక్కి గొడవ చేస్తే ఆ జాబితా కొంత తగ్గింది. విచిత్రమేమిటంటే, రెండేళ్ళకే, 2015లో, అదే రాష్ట్ర ప్రభుత్వం సబూజ్ సాథీ పేరుతో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు పంచడం మొదలుపెట్టింది. ఆ లెక్క కోటి దాటింది. పల్లెలో చేతికిచ్చిన సైకిలును నగరంలో దిగి నడిపించమన్నట్టయింది. 2020లో కోవిడ్ వచ్చి బస్సులు ఆగిపోయాక నిషేధం సడలింది. సైకిలు లేకపోతే నగరానికి పాలూ కూరలూ రావని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

పొద్దున్నే జేమ్స్ లాంగ్ సరణి మీద నిలబడి చూస్తే ఈ కథంతా కళ్ళముందు నడుస్తుంది. వెనక క్యారియరు మీద మూతికి గుడ్డ కట్టిన అల్యూమినియం హండీతో చేపలమ్మేవాడు, బల్లరిక్షా మీద అరటిగెలలు, హ్యాండిలుకు తాపీ, కొలబద్ద కట్టుకున్న మేస్త్రీ. పేవ్‌మెంటు మీద పంక్చరు కొట్టు. చిల్లు పడ్డ ట్యూబును మట్టిమూకుడు నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని ఒక కుర్రాడు వేలితో తడుముతున్నాడు. పక్కన ఆఫీసు కార్లు హారన్లు కొడుతూ దూసుకుపోతున్నాయి. రైలుకట్ట నలభై ఏళ్ళు మోసింది ఈ మనుషుల తాతలనే, ఈ సరుకులనే. రోడ్డుగా మారిన తర్వాత వాళ్ళకు మిగిలింది అంచు మాత్రమే.

ప్రపంచం పట్టాలు పీకిన కాలం

కలకత్తా చిన్న రైలును మూసిన ఆరేళ్ళకు, 1963లో, రెండు సంగతులు జరిగాయి. బ్రిటన్‌లో డాక్టర్ బీచింగ్ నివేదిక వచ్చి వేల మైళ్ళ రైలుమార్గాలకు చీటీ చింపేసింది. అదే ఏడు అమెరికాలో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే వృక్షశాస్త్రవేత్త షికాగో ట్రిబ్యూన్‌కు ఉత్తరం రాసింది: మూతపడ్డ రైలుదారిని రియల్ ఎస్టేటువాళ్ళు పంచుకోకముందే నడిచేవాళ్ళకు వదలండని. దాంతో ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ పుట్టింది. విస్కాన్సిన్‌లో మూడు సొరంగాలున్న ఎల్‌రాయ్–స్పార్టా దారిని రాష్ట్రమే కొని 1967లో సైకిళ్ళకు తెరిచింది. ఇవాళ అమెరికాలో ఇలాంటి బాటలు 25 వేల మైళ్ళకు పైబడే ఉన్నాయి.

ఇంగ్లండులో బ్రిస్టల్–బాత్ రైలుదారిని కార్యకర్తలు స్వయంగా పారలు పట్టి 1979 నుంచి కొంచెం కొంచెంగా సైకిలు బాట చేశారు. కార్న్‌వాల్‌లో పాడ్‌స్టో రేవుకు 1967లో రైలు ఆగింది. ఆ కట్ట మీదే ఇప్పుడు కేమెల్ నదీముఖం వెంట సెలవులకు వచ్చినవాళ్ళు పిల్లాజెల్లాతో సైకిలు తొక్కుతారు. స్కార్‌బరో నుంచి విట్బీ దాకా సముద్రపు కొండ అంచున 1965లో ఆగిన రైలుదారి కూడా అంతే. స్పెయిన్ 1993 నుంచి ఈ పనిని దేశస్థాయి కార్యక్రమం చేసింది.

ఈ బాటల మీద ముసలివాళ్ళూ చిన్నపిల్లలూ సైతం తొక్కగలగడానికి కారణం సూటిది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద నిటారు ఎత్తు ఎక్కలేదు, జారుతుంది. అందుకే రైలు ఇంజనీరు వంద అడుగులకు అడుగు ఎత్తు పెంచడానికి కూడా ఆలోచిస్తాడు, గుట్టను తవ్వుతాడు, పల్లాన్ని పూడుస్తాడు. ఆ శ్రమంతా తర్వాత సైకిలువాడి మోకాళ్ళకు దక్కుతుంది.

అమెరికా వాళ్ళు 1983లో చట్టంలో ఒక కిటుకు పెట్టారు. మూతపడ్డ రైలుదారిని ముక్కలుగా అమ్మేయకుండా బాటగా వాడుకోవచ్చు. రేపు అవసరమైతే మళ్ళీ పట్టాలు వేసుకునే హక్కు మాత్రం నిలిచే ఉంటుంది. దారి కాలం తీరిపోయిందని ఎవరూ తేల్చెయ్యక్కర్లేదు. ఆ నేలపట్టీ తెగకుండా ఉంటే చాలు.

మన గోదావరి కథ

అలాంటి చట్టం ఏదీ లేకుండానే, అదే పని గోదావరి సీమలో జరిగింది. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. కట్ట మిగిలింది. అరవై నాలుగేళ్ళకు, 2004లో, మళ్ళీ దానిమీదే రైలు నడిచింది. నేల రైల్వేశాఖ చేతిలోనే ఉంది కనుక సాధ్యమైంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మహారాజు వేయించిన రెండున్నర అడుగుల లైనూ ఫల్తా రైలుకు అన్నగారే. అది గేజి మారి గుణుపురం దాకా నేటికీ నడుస్తోంది.

రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన ఇంకా తేలని లెక్క. 1900లో రైలెక్కిన ఆ వంతెనకు 56 స్పాన్లు, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవు. 1997లో రైళ్ళు ఆగాయి. నడకబాట చేద్దాం, పర్యాటకం పెడదాం అన్న మాటలు అప్పటి నుంచీ వినబడుతూనే ఉన్నాయి. గోదావరి నడిమధ్యన, లారీల దడ లేకుండా సైకిలు తొక్కే దారి దేశంలో మరోచోట దొరకడం కష్టం. విశాఖలో భీమిలి రోడ్డు మీద పొద్దున్నే తొక్కేవాళ్ళు కార్ల దయాదాక్షిణ్యాల మీద తొక్కుతున్నారు. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేయగలిగారంటే, అక్కడ ముందే సేకరించి పెట్టిన నేల ఉండబట్టే.

బెంగాలు రైలుతో తెలుగువాళ్ళకు చుట్టరికం పాతదే. వాల్తేరు–కటకం లైను 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు దక్కినప్పటి నుంచి మనవాళ్ళు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులకు, గార్డెన్‌రీచ్ ఆఫీసులకు తరాల తరబడి వలసపోయారు. అదే లైను మీద బెంగాలీలు గాలి మార్పుకని వాల్తేరు వచ్చేవారు.

తిరిగొచ్చిన రైలు

ఫల్తా రైలు కథకు ఇటీవల ఒక కొసమెరుపు తోడైంది. 2022 డిసెంబరు 30న జోకా నుంచి తారాతలా దాకా మెట్రో మొదలైంది. 2024 మార్చిలో అది మాఝేర్‌హాట్‌కు చేరింది. చిన్న రైలు ఆగిన అరవై అయిదేళ్ళకు బెహాలా, ఠాకుర్‌పుకుర్ జనానికి మళ్ళీ రైలు వచ్చింది. ఈసారి నేలమీద చోటు లేదు. ఏళ్ళ తరబడి డైమండ్ హార్బర్ రోడ్డు తవ్వి, బెహాలా ట్రామును 2011లో ఆపేసి, స్తంభాల మీద ఎత్తి కట్టాల్సి వచ్చింది. ఒకనాడు నేలమీద ఉచితంగా ఉన్న దారిని పక్కవీధిలో ఆకాశంలో కొనుక్కున్నారన్నమాట.

సెలవులకు సైకిలెక్కి సముద్రం చూడాలనుకునేవాళ్ళకు ఆ దారి ఇప్పటికీ ఉపయోగమే. మాఝేర్‌హాట్ నుంచి జేమ్స్ లాంగ్ సరణి మీద జోకా, అక్కడినుంచి పెద్ద రోడ్డు మీద ఆమ్తలా, తర్వాత పడమటికి తిరిగితే ఫల్తా. నది వెంట ఇంకాస్త దక్షిణంగా పోతే నూర్‌పుర్ రేవు. సైకిలును లాంచీ ఎక్కించి రూపనారాయణ్ కలిసే చోటు దాటితే గెయోంఖాలీ, ఆపైన మహిషాదల్, నందకుమార్, కాంతి మీదుగా దీఘా. హేస్టింగ్స్ కాలం నుంచీ కలకత్తాకు పేరున్న ఆ తీరానికి రైలు 2004లోగానీ రాలేదు. డెల్టా నేల కాబట్టి దారిలో చెప్పుకోదగ్గ ఎత్తు ఒక్కటీ లేదు. చలికాలం మంచిది. జోకా దాటాక లారీలతో జాగ్రత్త అవసరం.

మొత్తం మీద ఈ నూరేళ్ళ కథ చెప్పేది ఒకటే. రైలు పోతే మిగిలే ఆస్తి పాత ఇనుము కాదు. ఊరి మధ్యలోంచి తెగకుండా సాగే నేల. దాన్ని ఒకసారి ఒకే రకం బండికి రాసిచ్చేస్తే మిగతావాళ్ళు అంచుకు పోతారు, రేపటి రైలుకు కూడా చోటు ఉండదు. జేమ్స్ లాంగ్ సరణిలో ఒక పక్కన సైకిళ్ళకు విడిగా రెండు మీటర్లు గీసి ఇవ్వడం ఇప్పుడు కూడా అసాధ్యమేమీ కాదు. హేవ్‌లాక్ వంతెన విషయంలో మనకు అంతకంటే మంచి అవకాశం ఉంది, దానిమీద ఇంకా ఎవరూ తారు పోయలేదు. మాటలు చాలించి బాట వేయడానికి ఇదే అదను.